మధ్యవర్తి సాక్ష్యం

నాన్నా,

మీ మోకాళ్ల నొప్పి తగ్గిందని తమ్ముడు చెప్పాడు. సంతోషం. ఇది కూర్చుని చదవండి. నేను విడాకుల కోసం కోర్టుకెళ్లాను.

‘అల్లుడు ఏనాడూ గొంతెత్తి ఎరగడు కదే!’ అంటారు. నలుగురిలో మీరు మురిసిపోయేది ఆ మాట చెప్పుకునే. గొంతెత్తకపోవడం కాదు నాన్నా, ఆయన నాతో అసలు మాట్లాడరు. ఆరేళ్లయింది. కళ్ళద్దాల దుకాణంలో ఉద్యోగం మాననని చెప్పిన రోజు మొదలైంది. ఎదురుగా కూర్చుని, నా మొహం చూడకుండా, “అమ్మా, ఆ తలుపు వెయ్యమను దాన్ని” అంటారు. అత్తయ్య నావైపు తిరిగి అదే మాట చెబుతారు. నా జవాబు మళ్లీ ఆవిడే అటు మోయాలి. దెబ్బ తగిలితే వాచిన చోటైనా చూపించవచ్చు. దీన్ని ఎవరికి చూపించను? మీ మురిపెం చెడగొట్టడం ఇష్టం లేక మీకూ చెప్పలేదు. లోపల కుళ్లి కుళ్లి ఏడ్చాను.

ఇప్పుడు దుకాణం పైగదిలో ఉంటున్నాను. మా లాయరమ్మ గట్టి మనిషి. “అర్జీ పెట్టగానే విడాకులు వచ్చినట్టు కాదమ్మా. ముందు ఆయనకి సమన్లు అందాలి. తర్వాత ఆయన జవాబు, రాజీకి ఒక ప్రయత్నం. అదీ కుదరకపోతే సాక్ష్యాలు, ఆపైన తీర్పు” అన్నారు. పెళ్లి ఒక్క పూటలో అయిపోయింది కదండీ అన్నాను. “ముడి వెయ్యడం ఎంతసేపు! విప్పేటప్పుడే గోళ్లు అరిగేది” అని నవ్వారు.

మా కేసు మొదటి మెట్టు మీదే చతికిలబడింది. కోర్టు మనిషి ఎప్పుడు వెళ్లినా అత్తయ్య తలుపు ఓరగా తీసి, “మావాడు ఊళ్లో లేడు” అంటున్నారట. కాగితం పుచ్చుకుంటే తప్పు ఒప్పుకున్నట్టేనని ఆవిడ భయం. పుచ్చుకోకపోతే కేసే లేదని ఆయన ధీమా. సమన్లు అందించడానికి వేరే దారులున్నాయిట గానీ, సాక్ష్యానికి లేవు. “ఆ ఇంట్లో మీ ఇద్దరూ కాక ఎవరున్నారు?” అని లాయరమ్మ అడిగితే ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఉన్న ఒక్క సాక్షీ ఆ తలుపు వెనకే ఉన్నారు. కన్నకొడుకు మీద ఏ తల్లి నోరు విప్పుతుంది?

అయినా నిన్న వెళ్లాను. “అత్తయ్యా, అది తీసుకుంటే ఒప్పుకున్నట్టు కాదు. నా మాట ఆయన చెవిన పడినట్టు, అంతే” అన్నాను. ఆవిడ తలుపేసుకున్నారు.

కోపం వస్తే తిట్టండి. కాని నాకే రాయండి, ఎవరిచేతా చెప్పించకండి.

మీ చిన్నది

*

నాన్నా,

‘గెలిచి ఇంటికి రా’ అని రాశారు. గెలిచాను!

నేను వెళ్లొచ్చిన వారానికి అత్తయ్య కోర్టు మనిషికి తలుపు బార్లా తీశారు. “ఇంట్లోనే ఉన్నాడు బాబూ, స్నానాల గదిలో దాక్కున్నాడు. కూర్చో, టీ తాగు. ఎంతసేపుంటాడు, నీళ్లు కూడా రావట్లేదు” అన్నారట. తువ్వాలుతోనే వచ్చి సంతకం పెట్టారు మీ అల్లుడుగారు. రాజీ గదిలో మమ్మల్ని మాట్లాడుకోమని వదిలేస్తే గోడ గడియారం చూస్తూ కూర్చున్నారు.

సాక్ష్యాల రోజున నా తర్వాత అత్తయ్యను పిలిచారు. నేను అడగలేదు నాన్నా. ఆవిడే లాయరమ్మ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లారట. ఎవరి తరపున వచ్చారని అడిగితే, “నా కోడలి తరపునండీ” అన్నారు. కొడుకంటే కక్షా అని ఆయన లాయరు గుచ్చాడు.

“కక్షేంటి బాబూ, కన్నదాన్ని. వాళ్లిద్దరి మధ్యా మాటలు మోసింది నేనే. ఒక్కటి మాత్రం మొయ్యలేకపోయాను. ఈ పిల్ల జ్వరంతో పడి ఉంటే, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లరా అన్నాను. ‘పోతే పోనీ అని చెప్పు’ అన్నాడు. ఇవాళ్టిదాకా ఆ మాట దానికి చెప్పలేదు.”

నేనూ అప్పుడే విన్నాను. న్యాయమూర్తి ఆయనవైపు తిరిగి, “నిజమేనా? మీ భార్యకే చెప్పండి” అన్నారు. ఆయన నన్ను చూడబోయి, చూడలేక, “అమ్మా, అదంతా అబద్ధమని చెప్పు దానికి” అన్నారు. కోర్టు హాలు గొల్లుమంది. న్యాయమూర్తి మాత్రం నవ్వలేదు. తలవంచి రాసుకున్నారు.

ఇవాళ తీర్పు వచ్చింది. అప్పీలుకు గడువుంటుందని లాయరమ్మ హెచ్చరించారు. వెళ్లనివ్వండి. ఇప్పుడు నాకు దారి తెలుసు, ఏ మెట్టు తర్వాత ఏ మెట్టో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. బస్సు కోసం నిలబడి ఒక్కదాన్నే పైకి నవ్వుకుంటే అందరూ చూశారు. చూస్తే చూశారు!

ఆదివారం వస్తున్నాను. నాతో అత్తయ్య కూడా వస్తున్నారు. ఆయన ఇప్పుడు ఆవిడతోనూ మాట్లాడటం మానేశారట. పోనీలే, ఇన్నాళ్లూ వాడి మాటలే మోశాను, ఇక నా మాటలు చెప్పుకుంటానంటున్నారు. దారి పొడవునా వినడానికి నేనున్నాను. ఇంటికొచ్చాక మీ వంతు. మొదలుపెడితే ఆపరు, చెప్తున్నా.

గెలిచిన మీ చిన్నది