చిన్న అక్షరాల ప్రకటన

ప్రొద్దుటూరు, మంగళవారం రాత్రి

సుజాతా, నేను పొద్దుపోక పేపర్ చదువుతానని పొద్దున నువ్వన్నది తప్పు. అప్పుడు ఊరుకున్నాను. కోడలితో వాదించి ఉప్మాలో ఉప్పు పోగొట్టుకునే వయసు కాదు నాది.

రోజూలాగే పక్కింటి మాబున్ని పేపర్ వినడానికి వచ్చింది. "సావులు ముందు చదువక్కా. మంత్రుల మాటలు రేపు చదివినా ఏం గాదు" అంది. చావుల కింద, ఎవరూ చూడని చిన్న అక్షరాల్లో, జమ్మలమడుగు వకీలు ఒకాయన ప్రకటన ఉంది. కొండాపురం కాలనీలో ఒక ఇంటి స్థలం తన కక్షిదారు కొంటున్నాడట. అభ్యంతరాలుంటే వారంలోగా తెలపాలట. అమ్ముతున్నవాడి పేరు చదివేసరికి నా గొంతు తగ్గింది. మాబున్ని మరిది. ప్రాజెక్టు నీళ్లలో వాళ్ల ఊరు మునిగినప్పుడు ఆమె మొగుడి పేరున పరిహారంగా వచ్చిన స్థలం అది. మొగుడు పోయాక ఆమెకున్నది అదొక్కటే.

"మొన్న పండక్కొచ్చి సేమ్యా తినిపోయినాడు గదక్కా. ఒక్క మాటన్నా చెప్పల్యా" అంది మాబున్ని.

అన్నీ ఫోన్‌లో ఉంటాయంటావు. ఉంటాయి. తన స్థలాన్ని మరిది అమ్ముతున్నాడేమో అని వెతకాలని ఆమెకు ఎందుకు తోస్తుంది? వచ్చే నెల నుంచి పేపర్ మాన్పిస్తానంటున్నావు. ఆ తర్వాత ఇలాంటివి ఎన్ని...

స్థలం దక్కుతుందో లేదో.

రేపు ఆ పేజీ రెండు జిరాక్సులు తీయించాలి. మాబున్నిని పట్టా తెమ్మనాలి. జమ్మలమడుగు బస్సుకు నేనూ పోవాలి. ఈలోగా నువ్వు ఆ పేజీని బీరువా అరలో పరవకుండా, నేనిప్పుడే లేచి దాన్ని నా దిండు కింద పెట్టుకోవాలి.