ఖాళీ ఒర

తాతయ్యా,

ఈ ఉత్తరం మీకు చేరదని తెలుసు. అయినా మీ మునిమనవడి పెళ్లి కబురు మీకు చెప్పకుండా ఉండలేకపోయాను.

నిన్న ఇక్కడ అమెరికాలో, కాపెల్ అనే ఊళ్లో మా విక్రమ్ పెళ్లయింది. మన ఆనవాయితీ ప్రకారం ఖాళీ ఒర పట్టుకుని పీటల మీద కూర్చున్నాడు. ఆ ఒరని ఇండియా నుంచి చీరల మధ్య పెట్టి నేనే తెచ్చాను.

రాజు మీద మనవాళ్లు తిరగబడ్డ కథ మీరెన్నిసార్లు చెప్పారో! అన్నదమ్ములు ముగ్గురు. పెద్దవాళ్లిద్దరూ కోట గుమ్మం దగ్గరే పోరాడి చనిపోయారు. "మరి మూడో ఆయన?" అని నేనడిగితే మీకు వెంటనే దాహం వేసేది. "మంచినీళ్లు పట్రా అమ్మా" అనేవారు. తెచ్చేసరికి కథ అయిపోయేది.

మీరు పోయాక నాన్న గొంతు తగ్గించి చెప్పారు. మూడో ఆయన కత్తి రాజు కాళ్ల దగ్గర పెట్టేసి, జమీ దక్కించుకున్నాడట. అందుకే ఒర ఖాళీ. మనం ఆయన సంతతే. పోయిన వారం విక్రమ్ అడిగితే దాచకుండా చెప్పేశాను.

పెళ్లిలో డెకరేషన్ చేసే ఆవిడ, కత్తిని ఎయిర్‌పోర్ట్‌లో ఆపేశారేమో అనుకుని, తన దగ్గరున్న అద్దె కత్తి తెచ్చి ఒరలో పెట్టింది. పాపం, మంచికే చేసింది. విక్రమ్ దాన్ని తీసి ఆవిడ చేతికిచ్చేశాడు.

"వద్దు ఆంటీ. మా కత్తి రాజుకి ఇచ్చేశాం."

పక్కనే పంతులుగారి మైక్ ఉంది. హాలంతా వినపడింది.

ముందు వరసలో కూర్చున్న నాన్న నన్ను పిలిచి మంచినీళ్లు అడిగారు. బాటిల్ ఆయన చేతిలోనే ఉంది.