సిలబస్‌లో లేని వాక్యం

బావగారికి,

అక్కయ్య మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను.

మా డిపార్ట్‌మెంట్ మూసేస్తారని నేను కాళ్లరిగేలా తిరుగుతుంటే, విదేశాంగ శాఖలో మీరు ఒక మాట వేసి నిలబెట్టారు. ఆ మేలు మరిచిపోను. సరిహద్దు అవతలి వాళ్ల భాష నేర్చుకోడానికి ఏడాదికి ముగ్గురొస్తే నాకు పండగే. వాళ్లతో కూర్చుని మాట్లాడండని నేను రాసిన నివేదికలు మీ శాఖలో ఎవరూ తెరిచి చూడలేదు. ఇప్పుడేమో యుద్ధం పుణ్యమా అని గది కిక్కిరిసింది. అందరివీ పొట్టి క్రాపులే. నేను గుమ్మంలో అడుగుపెడితే అంతా ఒక్కసారే లేచి నిలబడతారు.

మీ ఆఫీసు పంపిన సిలబస్ మీరు చూశారా? కవిత్వం తీసేశారు, పోనీ. "బాగున్నారా" కూడా లేదు. "తలుపు తియ్యి, చేతులెత్తు, మోకాళ్ల మీద కూర్చో." అంతే!

నిన్న వెనక బెంచీ అతను లేచి, "మనం ఇలా అంటే వాళ్లేమంటారు సార్? అది నేర్పలేదే?" అన్నాడు. రిజిస్ట్రార్‌ని అడిగితే, "అది మనకెందుకండీ, పైవాళ్లు వద్దన్నారు" అని చేతులు దులిపేసుకున్నాడు.

అందుకే ఇవాళ బోర్డు మీద ఒక్క వాక్యం రాసి, అర్థం చెప్పాను. "కాల్చకండి, లోపల పిల్లలున్నారు." వినగానే గుర్తుపట్టేదాకా అందరిచేతా పలికించాను. నిన్న అడిగినతను మాత్రం పెన్ను మూతపెట్టి, తలొంచుకు కూర్చున్నాడు.

ఈ సంగతి మీదాకా వస్తుంది. నా ఉద్యోగం పీకేస్తామంటే, ఈసారి అడ్డుపడకండి.

అక్కయ్యకి చెప్పకండి.

మీ బావమరిది