లోపలి గడియ

పిల్లల అమ్మకి,

పిల్లల నాన్న ప్రేమతో రాస్తున్నది. ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. ఆ కొండమీద చలిలో నువ్వూ, నీ చేత సూదులు పొడిపించుకుంటున్న గని పనివాళ్ళూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

ఆదివారం ఫోన్లో మాట్లాడుకున్నాం కదా, మళ్ళీ ఈ ఉత్తరం ఏమిటని అనుకుంటావేమో. ఫోను కోసం నీ వెనక వరుసలో నిలబడ్డవాళ్ళ దగ్గులు నాకు వినపడుతుంటే, నా చంకలో ఉన్న బుడతడు ఫోను నాకుతుంటే, మనం మాట్లాడుకున్నవీ ఒక మాటలేనా? బాగున్నారా అంటే బాగున్నాం అనుకుని పెట్టేశాం. నువ్వు ఒక్కటి మాత్రం గట్టిగా అడిగావు, ఆ క్యాంపు ఆసుపత్రిలో ఇంకో ఏడాది ఉండడానికి సంతకం పెట్టనా అని. "పెట్టు, ఇక్కడ నాకేం, హాయిగా ఉన్నాను" అన్నాను. ఆ జవాబు గురించే ఈ ఉత్తరం. అయితే దాని దగ్గరికి నేరుగా రాలేను, కాస్త చుట్టు తిరిగి వస్తాను. ముందు నీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు రాస్తాను.

కారులో వెనక్కి తిప్పి బిగించిన పిల్లల సీట్లో కూర్చోవడానికి బుడతడు ఏడుస్తున్నాడా అని అడిగావు. ఏడుస్తున్నాడు. వీధి చివరిదాకా ఏడ్చి, ఆ తర్వాత వెనక అద్దంలోంచి చెట్లు వెళ్ళిపోతుంటే నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోతాడు. ముందు సీట్లో ఎవరైనా ఒళ్ళో పెట్టుకుంటే ఏడవడు కదా అని కింది వాటా టైలరుగారు సలహా ఇచ్చారు. "మా పిల్లలందరూ అలాగే పెరిగారండీ" అన్నారు. నేను నోరు తెరిచేలోపే మన అమ్మాయి అందుకుంది. "బ్రేకు వేస్తే నువ్వు తమ్ముడి మీద పడతావు తాతా. నువ్వు లావుగా ఉన్నావు" అంది. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నాలుగేళ్ళకే దానికి ఆ దర్జా ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. కారు కదిలే ముందు అందరి బెల్టులూ లాగి చూస్తుంది, బెల్టుకీ భుజానికీ మధ్య తన వేళ్ళు దూర్చి మరీ చూస్తుంది. నేను దాన్ని ఇన్‌స్పెక్టరమ్మ అని పిలుస్తున్నాను. పలుకుతోంది కూడా.

పిల్లల్ని కారులో ఒక్క క్షణమైనా ఒంటరిగా వదలకూడదని మనిద్దరం అనుకున్నాం. ఆ మాట తప్పలేదు. కానీ దాని ఫలితం విను. బ్రెడ్డు కొనాలి. కొట్టు ముందు కారు ఆపుతాను. ఎండలో వదిలి దిగకూడదు కాబట్టి బుడతణ్ణి విప్పి చంకన వేసుకోవాలి. వాణ్ణి ఎత్తుకుని అటువైపు వెళ్ళి పెద్దదాన్ని విప్పాలి. దాని చెప్పు ఒకటి సీటు కిందికి పోయి ఉంటుంది. అది వెతికి, ఇద్దరితో కొట్లోకి వెళ్ళి, బ్రెడ్డు పట్టుకుని వచ్చి, మళ్ళీ వాణ్ణి కట్టి, దాన్ని కట్టి, దాని తనిఖీ పూర్తయ్యేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఇప్పుడు కొట్టు ముందు ఆగి, కాసేపు బ్రెడ్ల వంక చూసి, ఆపిన కారు ఆపినట్టే తిప్పుకుని ఇంటికి వచ్చేస్తున్నాను. రొట్టెలు నేనే కాలుస్తున్నాను. అవి ఎలా ఉంటున్నాయో అడక్కు.

అత్తయ్యని పిలిపించనా అన్నావు. ఆవిడ మోకాళ్ళకి మన మెట్లు ఎక్కడం కుదిరే పనేనా? ఊళ్ళో వాళ్ళందరికీ లిఫ్టులు బాగుచేసే మనిషి లిఫ్టు లేని ఇంట్లో పైవాటా తీసుకున్నాడని ఆవిడ ఇప్పటికే నన్ను దెప్పుతూ ఉంటారు. వద్దులే. డే కేర్ సంగతి కూడా అడిగావు, అది తర్వాత రాస్తాను.

పిల్లల కోసం సెలవు పెట్టినా మా కంపెనీవాళ్ళు నన్ను పూర్తిగా మరిచిపోలేదు. ఎవరైనా లిఫ్టులో ఇరుక్కుని బటన్ నొక్కితే ఆ ఫోను కొన్ని పూటలు నాకే వచ్చేలా పెట్టారు. ఇంట్లో కూర్చుని మాట్లాడే పనే కదా. వంటింట్లో గరిటె తిప్పుతూ, ఎక్కడో గాలాడని పెట్టెలో చెమటలు కక్కుతున్న మనిషికి ధైర్యం చెప్తుంటాను. మన అమ్మాయి పక్కనే నిలబడి అంతా వింటుంది.

ఇల్లు ఎలా ఉందని అడిగావు. నువ్వు వదిలి వెళ్ళినట్టు లేదు. బల్ల అంచులకి రబ్బరు అంటించాను. బీరువాని గోడకి బిగించాను. వంటింటికి గేటు పెట్టాను, మందుల డబ్బా అటక ఎక్కించాను. బుడతడి కోసం హాల్లో చెక్కలతో దడి కట్టాను. వాడొకసారి స్నానాల గదిలోకి పాకి, నీళ్ళ బకెట్టు అంచు పట్టుకుని లేచి నిలబడి, తల లోపలికి వంచి చూస్తున్నాడు. నేను వెంటనే పట్టుకున్నాను. మర్నాడు ఆ తలుపుకి బయటివైపు గడియ బిగించాను. పెద్దదానికి అందేలా, వాడికి అందకుండా. పెద్దదాన్ని కూర్చోబెట్టి పాఠం చెప్పాను. తమ్ముడు కింద పాకుతున్నంతసేపూ ఈ గడియ పడి ఉండాలి. ఎవరు తియ్యమన్నా తియ్యకూడదు. నేను చెప్పినా తియ్యకూడదు. ఆ చివరి మాట చెప్పి ఎంత మురిసిపోయానో.

లిఫ్టులో అన్ని తలుపులూ పూర్తిగా పడితే తప్ప పెట్టె కదలదు. ఒక్కటి పడకపోయినా మొత్తం ఆగిపోతుంది. మా పనిలో మొదట నేర్పేది అదే. నేను ఇంటిని కూడా అలాగే కట్టుకుంటూ వచ్చాను.

మొన్న బుధవారం పొద్దున బుడతణ్ణి దడిలో కూర్చోబెట్టి, పెద్దదాన్ని చూస్తుండమని, తలుపు ఓరగా వేసి మొహం కడుక్కుంటున్నాను. వాడు దడి మీదనుంచి దొర్లి బయటపడడం ఆ రోజే నేర్చుకున్నాడు. మొహం నిండా సబ్బు. తలుపు దబ్బున మూసుకుంది. గడియ పడిన చప్పుడు.

"ఏమ్మా, ఏం చేశావు?" అన్నాను.

"తమ్ముడు వచ్చేశాడు నాన్నా. గడియ పెట్టేశాను."

"మంచి పని చేశావు తల్లీ. ఇప్పుడు తియ్యి, నేను వచ్చి వాణ్ణి ఎత్తుకుంటాను."

"తియ్యకూడదు. తమ్ముడు కింద ఉన్నాడుగా."

"నేను చెప్తున్నా కదా."

"నువ్వు చెప్పినా తియ్యొద్దన్నావు."

ఆ తలుపు లోపలికి తెరుచుకుంటుంది, భుజంతో గుద్దినా లాభం లేదు. మేకులు నేనే ఎంచి మరీ పొడుగువి వేశాను. ఫోను హాల్లో ఉంది. సరే, తమ్ముణ్ణి దడిలో పెట్టమన్నాను. "తమ్ముణ్ణి ఎత్తకూడదన్నావు, పడేస్తానని" అంది. నిజమే, అన్నాను. కింది తాతని పిలవమన్నాను. "వీధి తలుపు ముట్టుకోకూడదుగా" అంది. అదీ నిజమే. కిటికీ దగ్గరికి వెళ్ళి అరవమన్నాను. కిటికీ దగ్గరికి స్టూలు జరపకూడదు. ఏ వైపు తిరిగినా నేను పెట్టిన నియమమే ఎదురొచ్చి నిలబడుతోంది. పిల్ల ఒక్కటి కూడా మరిచిపోలేదు. నాకు దాని మీద కోపం రాలేదు, భయం వేసింది. తలుపు అవతల బుడతడు ఏదో నేల మీద కొడుతున్నాడు. కొట్టినంతసేపూ పరవాలేదు. చప్పుడు ఆగినప్పుడల్లా నా గుండె ఆగింది.

"తమ్ముడు ఏం చేస్తున్నాడమ్మా? నోట్లో ఏమైనా పెట్టుకున్నాడా?"

"వేలు."

"వాడిదేనా?"

"నాది."

నువ్వు ఉంటే ఇదంతా నవ్వులాట అయ్యేది. నాకు ఏడుపు వచ్చింది. నేను తలుపుకి నుదురు ఆనించి నిలబడితే, అవతల అది ఏం చేసిందో తెలుసా? నేను లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్ళతో మాట్లాడే గొంతు తెచ్చుకుంది. "కంగారు పడకండి. తలుపు నెట్టకండి. గాలి బాగానే వస్తుంది. నేను లైన్లోనే ఉన్నాను" అంది. మామూలుగా నన్ను నువ్వు అంటుంది, అప్పుడు మాత్రం మీరు అంది.

తర్వాత కాసేపు దాని అడుగుల చప్పుడు. ఏదో ఈడుస్తోంది. బుడతడి కారు సీటు. ముందు రోజు వాడు దాని మీద కక్కుకుంటే గుడ్డ ఉతికి, ఆరాక తొడిగి, హాల్లో నేల మీదే పెట్టాను. పెద్దది ఆ సీట్లో బిస్కట్టు పెట్టి వాణ్ణి పిలిచింది. ఎత్తకూడదు కదా, వాడంతట వాడే ఎక్కి కూర్చోవాలి. చాలాసేపు పట్టింది. ఆఖరికి బెల్టు పడిన చప్పుడు వినపడింది.

"నాన్నా, వేళ్ళు దూర్చి చూశాను, సరిగ్గా ఉంది. తమ్ముడు ఇప్పుడు కింద లేడు, సీట్లో ఉన్నాడు. గడియ తియ్యొచ్చు" అంది. తీసింది.

ఇంతవరకూ నేను టైలరుగారికి కూడా చెప్పాను, ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. ఫోన్లో నీకు కూడా చెప్పి నవ్వించి ఉండేవాణ్ణి. ఆ తర్వాత జరిగింది ఎవరికీ చెప్పలేదు.

బయటి గడియ తీసిన చప్పుడు వినపడగానే, నేను లోపలి గడియ పెట్టుకున్నాను.

ఎందుకని అడక్కు. చెయ్యి దానంతట అది వెళ్ళింది. ఇద్దరూ క్షేమంగా ఉన్నారని తెలిసింది, ఒకడు బెల్టులో, ఒకతె తలుపు ముందు. కొళాయి తిప్పి, ఆ చప్పుడులో స్టూలు మీద కూర్చున్నాను. నువ్వు వెళ్ళినప్పటినుంచి నా మీద ఎవరి చెయ్యీ లేని సమయం అదొక్కటే. పిల్లది తలుపు కొట్టింది. "నాన్నా, తీశాను కదా, రా" అంది. "వస్తున్నా" అన్నాను. రాలేదు. మళ్ళీ పిలిచింది. బుడతడు ఏడుపు అందుకున్నాడు. రావాలని ఉంది, లేవాలని లేదు. అది మూడోసారి పిలవలేదు. "తీశాను కదా" అని తనలో తను అనుకుంది, ఏదో తప్పు చేసినట్టు. అప్పుడు లేచాను.

నా పిల్లలంటే నాకు ప్రాణం. అది నీకు రాయక్కర్లేదు. వాళ్ళనుంచి దాక్కున్నాను, అదీ నిజమే. రెండూ ఒక మనిషిలోనే ఎలా ఇమిడాయో నాకు అర్థం కావడం లేదు.

ఇక డే కేర్ సంగతి. దాని మెట్ల గేటు సరిగ్గా పడడం లేదని, అందుకే పిల్లల్ని పంపలేదని నీకు రాశాను. అది అబద్ధం. మెట్ల గేటు బ్రహ్మాండంగా ఉంది. నేను వెళ్ళి ఊపి చూశాను, సాకెట్లు చూశాను, మందులు ఎక్కడ పెడతారో చూశాను. ఒక్క లోపం దొరికితే బాగుండునని వెతికాను, దొరకలేదు. దొరకనందుకు నాకే కోపం వచ్చి, ఇంటికి వచ్చి నీకు అలా రాశాను. నువ్వు బస్సు ఎక్కుతూ "పిల్లలు జాగ్రత్త" అన్నావు. అందరూ అనే మాటే. నేను దాన్ని పట్టుకుని, వాళ్ళని నా చేతుల్లోంచి దింపితేనే తప్పు అన్నంతదాకా తీసుకుపోయాను. చెడిపోయే అవకాశం ఎక్కడుందో వెతకడమే నా ఉద్యోగం. ఇంట్లో కూర్చున్నా ఆ ఉద్యోగం నన్ను వదలలేదు.

శుక్రవారం తెగించాను. ఇద్దర్నీ కారులో కట్టి అక్కడికి తీసుకెళ్ళాను. ముందే ఫోన్ చేశాను కాబట్టి అక్కడ పిల్లల్ని చూసుకునే ఆయమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. నవ్వుతూ వచ్చి వెనక తలుపు లాగింది. రాలేదు. లాక్ నా చేతి దగ్గర ఉంది. ఒక్క బటన్. ఆవిడ అద్దం మీద వేలితో మెల్లిగా తట్టింది.

"ఆవిడ మంచావిడేనా నాన్నా?" అంది మన అమ్మాయి.

"మంచావిడేనమ్మా."

"మరి తియ్యి. మేం దిగుతాం."

దానికి దిగాలని ఉంది. అద్దంలోంచి లోపల ఆడుకుంటున్న పిల్లల్ని చూస్తోంది. నేను బటన్ మీద వేలు పెట్టాను. నొక్కలేకపోయాను. ఆయమ్మకి చెయ్యెత్తి దండం పెట్టి కారు వెనక్కి తిప్పాను. ఇంటికొచ్చాక పిల్లది నా బెల్టు తనే విప్పింది.

అందుకని ఆదివారం చెప్పిన జవాబు మార్చి రాస్తున్నాను. నేను హాయిగా లేను. సంతకం పెట్టొద్దని మాత్రం అనను. ఆ పని నీకు ఎంత ఇష్టమో నాకు తెలుసు, అది వదిలి వచ్చి నాతోపాటు ఈ గడియల మధ్య కూర్చోమని అడగడానికి నాకు నోరు రాదు. సంతకం పెట్టు. కానీ పెట్టే ముందు సెలవు తీసుకుని ఒక్కసారి రా. నేను కారు ఆ గేటు ముందు ఆపుతాను. నా పక్కన కూర్చుని లాక్ నువ్వు తియ్యి, వాళ్ళని నువ్వు దింపు, చేతులు పట్టుకుని లోపలికి తీసుకెళ్ళు. నేను దిగను. స్టీరింగు పట్టుకుని కూర్చుంటాను, ఏదో ఒకటి పట్టుకోకపోతే నా చేతులు ఊరుకోవు.

ఇట్లు,
నీ రాక కోసం ఎదురుచూసే
మీ ఆయన