చక్రంలో కందికట్టె

నాన్నకు, అమ్మకు మీ అమ్మాయి ఆరాధన వందనాలు. నేను బాగానే ఉన్నాను, కారే బాగాలేదు. ఫోనులో ఆ మాట ఎత్తగానే నాన్నా, నువ్వు "టవర్ లేదమ్మా" అని పెట్టేస్తున్నావు, అందుకే ఈ కార్డు.

నాన్నా, ఆ కారు మా కంపెనీదనీ, వెనక చక్రాల లోపలే కరెంటు మోటార్లున్నాయనీ, పరీక్షకు నడుపుతున్నాననీ ఆదివారం చర్చి దగ్గరే చెప్పానా లేదా? నేను అన్నం తినేలోపు తాళం తీసుకుని, రోడ్డు మీద పరిచిన కందికట్టె మీద తిప్పుతావా? అడిగితే "చక్రంలోనే మోటారుంటే ఇంకా బాగా నలుగుద్ది గదమ్మా" అంటావా? నీ కందులు రాలడానికి పొదిలి రోడ్డున పోయే లారీలు చాలలేదా?

కట్టె ఇరుసుకు చుట్టుకుని మోటారు తీగను తెంపేసింది. ప్రత్తిపాడు దగ్గర ఒక చక్రం మొరాయిస్తే, ముందున్న పెట్రోలు ఇంజనుతో ఎలాగో గుంటూరు చేరాను. షెడ్డులో చక్రం విప్పితే గుప్పెడు కందులు రాలాయి. మా మేనేజరు మాధవీలత గారి ముందు తలెత్తలేకపోయాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

అమ్మా, మోకాలి నొప్పి తగ్గిందా? పండుమిరప పచ్చడి పట్టావా? నాకు ఒక సీసా తీసిపెట్టు.

నాన్నా, ఈ ముక్క రాయాలంటే ఒళ్ళు మండుతోంది. మేడం ఆ కందులు చేతిలోకి తీసుకుని, "మన రోడ్లన్నీ ఇంతేగా, దీన్ని తట్టుకోకపోతే ఈ కారెందుకు?" అన్నారు. తీగకు రేకు తొడుగు వేయించి శనివారం కారును పరీక్షకు మీ దగ్గరికే తెస్తున్నాం.

ప్రభువు మిమ్మల్ని చల్లగా చూడాలి. నాన్నా, కొంచెం కట్టె కొట్టకుండా ఉంచు. ఈసారి తాళం నేనే ఇస్తాను.

ఆరాధన