అలిగి వెళ్లిన చుట్టము

అక్కా, ఇక్కడ అందరం కులాసా.

నిన్న పాత పుస్తకాల కొట్లో ఒక పేరు చదివి పకపకా నవ్వాను: 'అలిగి వెళ్లిన చుట్టమును మరల రప్పించు ఉపాయములు'. నీకు చూపిద్దామని పక్కకు తిరిగితే నువ్వు లేవు.

విప్పకుండానే కొంటుంటే కొట్టాయన, "లోపలేముందో చూడరా అమ్మా?" అన్నాడు.

"మా అక్క ఊహించి చెప్పందే అట్ట తెరవనండీ. చిన్నప్పటి నుంచీ మా ఆట అది."

"మరి ఆవిడేరీ?"

"తను సర్దిన అలమర నేను మళ్లీ సర్దానని అలిగి వెళ్లిపోయింది."

"అయితే పుస్తకం మీక్కావలసిందే!" అని నవ్వాడు.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? మరిచిపోయిన శాలువా ఉతికి పెట్టాను. పుస్తకం దాని మీదే ఉంది, దారం కట్టి. ఆ ఉపాయమేదో నువ్వే వచ్చి చెప్పు. ఈసారి అలమర ఎలా సర్దినా ముట్టుకోను.

బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

నీ చెల్లి