ఊక గోనెలు కట్టిన ఐసుపెట్టె

మైపాడు,
3 అక్టోబరు 1966

ప్రియమైన పోలేరన్నకు నీ చెల్లెలు నాగులమ్మ రాసేది,

క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు. నువ్వు మద్రాసు నుంచి పంపిన పాత ఐసుపెట్టె వల్లే మా అంగడి నిలబడింది. సోడాలు, పాలు, నెల్లూరు హోటలుకు పంపే రొయ్యలు అన్నీ అందులోనే. కానీ దాని మోటారు రాత్రింబవళ్లు ఆగకుండా తిరుగుతోంది. దీపాలు మినుకుమంటున్నాయని వీధంతా నన్ను తిడుతోంది. నిన్న కరెంటాఫీసు ఆయన వచ్చి, "ఈ లైను మీ పెట్టెను మొయ్యలేదమ్మా. దీపావళిలోగా వాడకం తగ్గించకపోతే తీగె కోసేస్తాం" అన్నాడు.

దానికి మీ బావ ఏమన్నాడో తెలుసా? "పోతే పోనీ. ఓబులేసు పడవలో చోటుంది. మళ్లీ వేటకు పోతా." అన్నా, ఆయనకు మూర్ఛ వస్తుందని తెలిసింది మన ముగ్గురికే. పోయినేడు సముద్రంలో పడిపోతే కాలు జారిందని అబద్ధమాడాం. ఎవరికీ చెప్పనని పిచ్చమ్మ తలమీద నాచేత ఒట్టు వేయించుకున్నాడు. నాకున్నది ఆ ఒక్క బిడ్డ. అంగడి ఉన్నంతకాలమే ఆయన ఒడ్డున ఉంటాడు. ఇట్టాంటి పెట్టెలు బాగుచేసే పనిలో ఉన్నవాడివి, ఏదో ఒక దారి చెప్పు.

దిక్కుతోచని నీ చెల్లెలు,
నాగులమ్మ


రాయపురం, మద్రాసు,
9 అక్టోబరు

ప్రియమైన చెల్లీ,

ఏడుపు ఆపి పెట్టె దగ్గరికి వెళ్లు. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగు. ఊరికే జారి వస్తే చల్లగాలి అక్కడే పోతున్నట్టు. పాత సైకిలు ట్యూబు కోసి అంచుకు అతికించు. లోపల పేరుకున్న మంచు గీకెయ్యి. వేడి పాలు పెట్టొద్దు. నీ సంగతి నాకు తెలియనిదా, పొయ్యి మీద నుంచి దించి తిన్నగా అందులోకే తోస్తావు! ఆ పెట్టె గోడలు పలచన, ఎండ వేడి లోపలికి దిగుతుంది. గోనెల్లో ఊక నింపి చుట్టూ కట్టు. ఊక కప్పి ఐసు బుట్టలు కట్టే చేతులకు నేను నేర్పాలా?

ఇవన్నీ చేస్తే సగం కరెంటు మిగులుతుంది. సెలవు అడిగితే యజమాని కసిరాడు, లేకపోతే నేనే వచ్చేవాణ్ణి. బావను కనిపెట్టుకొని ఉండు.

మీ మంచి కోరే అన్న,
పోలేరయ్య


మైపాడు,
24 అక్టోబరు

ప్రియమైన అన్నకు,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. ఇప్పుడు కాగితం కదలడం లేదు. ఊక గోనెలు నాలుగు పక్కలా, పైనా కట్టి, తలుపు తెరుచుకునేట్టు మాత్రం వదిలి, మిగతా చోట వేలు దూరే సందు కూడా లేకుండా కుట్టాను. మీ బావ కూడా దబ్బనం పట్టాడు. ఆ పూట నవ్వాడు కూడా.

కానీ ఏం లాభం? ముందుకంటే పాడైంది. పెట్టె మీద చెయ్యి పెడితే కాలుతోంది. పాలు విరిగిపోయాయి. రొయ్యలు కంపు కొడుతున్నాయని హోటలు వాళ్లు తిప్పి పంపారు. కరెంటాఫీసు ఆయన మళ్లీ వచ్చి తలకొట్టుకున్నాడు. సాయంత్రం మీ బావ అటక మీది వల దించి బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. వచ్చే సోమవారం పడవ ఎక్కుతాడట. "ఎక్కితే చచ్చిపోతావు" అన్నాను. "ఇట్టా కూర్చుని బతికేదానికన్నా అదే మేలు" అన్నాడు.

అన్నా, నాకు భయంగా ఉంది. ఏం తప్పు చేశానో చెప్పు.

నీ నాగులమ్మ


రాయపురం,
28 అక్టోబరు

ప్రియమైన చెల్లీ,

ఇది చదువుతూనే కత్తి తీసుకో. పెట్టె వెనక గోనె కోసి పారెయ్యి. అక్కడి నల్ల గొట్టాల్లోంచే లోపలి వేడి బయటికి పోయేది. వాటిని మూసేస్తే పెట్టె ఊపిరాడక తిరిగి తిరిగి కాలిపోతుంది. మిగతా మూడు పక్కలా, పైనా గోనెలు ఉండనీ. పెట్టెను గోడకు జానెడు దూరం జరుపు. తప్పు నీది కాదమ్మా. ఐసుకు అన్ని పక్కలా కప్పుతాం, అట్లాగే కట్టావు. వెనక వదిలెయ్యమని నేనే రాయలేదు.

తంతి ఇద్దామని పోస్టాఫీసు దాకా వెళ్లాను. మనవైపు తంతి వచ్చిందంటే చావు కబురే గదా, విప్పకముందే నీ గుండె ఆగుతుందేమోనని వెనక్కి వచ్చాను. ఎక్స్‌ప్రెస్ డెలివరీలో వేస్తున్నాను. సోమవారం లోపల అందాలి. బావను ఒక్క రోజు ఆపు తల్లీ, ఒక్క రోజు.

చేతులు జోడించి,
పోలేరయ్య


మైపాడు,
11 నవంబరు

ప్రియమైన అన్నకు,

పెట్టె బాగుంది. కాసేపు తిరుగుతుంది, చాలాసేపు ఊరుకుంటుంది. వీధి దీపాలు నిలకడగా వెలుగుతున్నాయి. తీగె కొయ్యబోమని కరెంటాఫీసు ఆయన చెప్పి వెళ్లాడు.

నీ ఉత్తరం సోమవారమే అందింది, మధ్యాహ్నం బస్సులో.

ఆ పొద్దున మీ బావ పడవ మీద చెయ్యి వేశాడు. నేను పడవకు అడ్డంగా ఇసకలో కూర్చున్నాను. ఓబులేసు, "లెయ్ నాగులమ్మా, ఆడది ఎదురుగా కూర్చుంటే వేట సాగదు" అని కసురుకున్నాడు. అప్పుడు చెప్పేశాను. "ఈయనకు మూర్ఛ వస్తాది. పోయినేడు కాలు జారలా. మూర్ఛొచ్చే పడినాడు" అని అందరూ వినేలా అరిచాను. ఓబులేసే ఆయన చెయ్యి పట్టుకుని పడవ మీద నుంచి మెల్లగా తీశాడు. చంటిపిల్లాడి చెయ్యి తీసినట్టు తీశాడన్నా. అది చూడలేకపోయాను.

ఇంక ఏ పడవ వాళ్లూ ఆయన్ను పిలవరు. వలలు లాగేటప్పుడు కూడా పక్కకు జరగమంటున్నారు. పిచ్చమ్మకు కాస్త ఒళ్లు వెచ్చబడితే చాలు, నా ఒట్టు గుర్తొచ్చి రాత్రంతా దాని పక్కనే కూర్చుంటున్నాను.

ఒక్క పూట ముందు ఆ ఉత్తరం వచ్చి ఉంటే నేను నోరు తెరవాల్సిన పనే ఉండేది కాదు. ఆయనకు చదివి వినిపించాను. విని లేచి వెళ్లి, వెనక గోనె ఆయనే కోశాడు. ఆ రోజు నుంచి సోడాలు అందిస్తాడు, చిల్లర ఇస్తాడు. నాతో మాత్రం మాట్లాడడు.

బతికున్నాడన్నా. అందుకు నన్ను క్షమించడం లేదు.

నీ చెల్లెలు,
నాగులమ్మ